అవ్వ పేరు మీద మీటరు

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక మందిరంలో మిగిలినవాళ్ళు: పదిహేడు మంది ఆడవాళ్ళు, తొమ్మిది మంది మగవాళ్ళు, పాస్టరు అయ్యగారు, నేను. వస్తువులు: పైన తిరుగుతున్న ఫ్యాన్లు పది, మైకు ఒకటి, దాని పెట్టెలు రెండు, బల్ల మీద తెల్లగుడ్డ, బల్ల కింద పిడికిలి బియ్యం పోసే నీలం రంగు డ్రమ్ము, వాకిలి పక్కన చెక్కపలకకు బిగించిన కరెంటు మీటరు. మీటరు కింద చాప మీద మా అవ్వ. అందరూ ఆగింది ఆ మీటరు గురించి మాట్లాడడానికి. అది అవ్వ పేరు మీద ఉంది. దానివల్ల ఆమె పింఛను ఆగిపోయింది.

అవ్వ అంటే మా నాయన తల్లి. నాయన లేడు. అమ్మ, చెల్లెలు అదే వీధిలో ఎగువన ఇంకో ఇంట్లో ఉంటారు. అవ్వ మాత్రం మందిరాన్ని ఆనుకుని ఉన్న తాత ఇంట్లో ఒక్కతే వండుకుంటుంది. మాది కోడుమూరు దగ్గర ఒక మెట్ట ఊరు. నేను ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, కడపలో బండలు కోసి పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. సంగతి తెలిసి, శనివారం పని దిగగానే నంద్యాల మీదుగా కర్నూలు బస్సెక్కి వచ్చాను.

పింఛను ఆగిన రోజు ఏం జరిగిందో చెల్లెలు చెప్పింది. జులై ఒకటో తేదీ పొద్దున్నే అవ్వ ఎప్పట్లాగే బొటనవేలు సబ్బుతో కడిగి, కొంగుతో తుడిచి, గడప మీద కూర్చుంది. ఏళ్ళ తరబడి కలుపు తీసిన వేలు కాబట్టి గీతలు అరిగిపోయాయి. బాగా తుడిస్తే తప్ప యంత్రం గుర్తుపట్టదు. గ్రామ సచివాలయంలో పనిచేసే కుర్రాడు పక్కింట్లో ఇచ్చాడు, ఎదురింట్లో ఇచ్చాడు, అవ్వ ముందుకు వచ్చి ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఈ నెల నీ పేరు రాల్యా అవ్వా."

"యాడికి పాయ నా పేరు?"

"నీ మీటరు ఆరు నెలల సగటు మూడు వందల పద్దెనిమిది యూనిట్లంట. మూడు వందలు దాటితే పైనే ఆపేస్తారు."

"నా ఇంట్లో ఉండేది ఒగ బల్బు గదరా నాయనా. రేయంతా ఏసినా అన్ని తిరుగుతాదా?"

"నీ బల్బు గాదవ్వా. మందిరందంతా నీ లెక్కలోనే ఉండాది."

"దేవుని లెక్క తెచ్చి నా మీద రాస్తిరా?" అందట అవ్వ. కుర్రాడు నవ్వి, తర్వాత నవ్వడం బాగుండదనుకుని, సచివాలయానికి వచ్చి అర్జీ పెట్టుకొమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

మందిరం ఉన్న స్థలం తాతది. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి పట్టా. అమ్మడానికి వీల్లేదు, సంఘం పేరుకు రాయడానికీ వీల్లేదు. తాత సగం జాగాలో ఇల్లు ఉంచుకుని సగం మందిరానికి ఇచ్చాడు. కరెంటు పెట్టించేటప్పుడు, పట్టా ఎవరిదైతే వాళ్ళ పేరు మీదే మీటరు ఇస్తామన్నారు. తాత పోయాక అది ఆధార్ నంబరుతో సహా అవ్వ పేరుకు మారింది. బిల్లు వచ్చిన ఆదివారం అయ్యగారు ప్రకటనల్లో ముందు అవ్వ పేరు చదివి, ఆ తర్వాత కట్టాల్సిన మొత్తం చదివేవారు. తన పేరు వినపడగానే అవ్వ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చునేది.

బిల్లు కట్టేది పిడికిలి బియ్యంతో. మా సంఘంలో ప్రతి ఇంటి ఆడమనిషీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తుంది. ఆదివారం డబ్బాలన్నీ నీలం డ్రమ్ములోకి వస్తాయి. నెలాఖరున వేలం వేస్తే వచ్చిన డబ్బు కరెంటుకు, మిగిలితే అయ్యగారి బస్సు చార్జీలకు. డ్రమ్ములో ఎక్కువ భాగం చౌక దుకాణం బియ్యమే. ప్రభుత్వం దగ్గర బయలుదేరి, ఎసరు దాకా వచ్చి, అక్కడ ఒక పిడికెడు వెనక్కి తిరిగి, కరెంటు బిల్లు రూపంలో మళ్ళీ ప్రభుత్వానికే చేరేది.

ఆదివారం పూట మాత్రమే వాడితే మందిరానికి నెలకు నలభై యూనిట్లు చాలు. లెక్క పెరిగింది రెండు చోట్ల. ఒకటి, వీధి మొత్తానికి నీళ్ళు తోడే బోరు మోటరు. అది మందిరం ఆవరణలోనే ఉంది. రెండోది ఫ్యాన్లు. మా వీధిలో ఇళ్ళ కప్పులన్నీ నాపబండలవి. పగలంతా ఎండను పీల్చుకుని రాత్రికి ఇంట్లోకి వదులుతాయి. ఏప్రిల్ వచ్చిందంటే ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు చాపలు చంకన పెట్టుకుని మందిరానికి వచ్చి పడుకుంటారు. ఒక ఫ్యాను రాత్రికి పది గంటలు తిరిగితే నెలకు ఇరవై నాలుగు యూనిట్లు. పదికీ రెండు వందల నలభై.

ఆ ఫ్యాన్లు పదీ కానుకలు. ఇంట్లో ఎవరైనా పోతే వాళ్ళ జ్ఞాపకంగా ఒక ఫ్యాను ఇవ్వడం మా సంఘంలో అలవాటు. రెక్క మీద ఎర్ర రంగుతో పోయినవాళ్ళ పేరు రాయిస్తారు. తిరుగుతున్నప్పుడు అది గుండ్రటి ఎర్ర గీతలాగా కనిపిస్తుంది. ఆపితే పేరు మెల్లగా బయటపడుతుంది.

ఇదంతా జరిగే రోజుల్లో నేను కడపలో ఇంకో మీటరు పని చూస్తున్నాను. మా ఫ్యాక్టరీ యజమాని మూడంతస్తుల ఇల్లు కడుతున్నాడు. ఫ్యాక్టరీ కరెంటు చూసేవాణ్ణి కాబట్టి ఇంటి పని కూడా నాకే చెప్పాడు.

"ఒగే మీటరు పెడితే ఏమవుతాది ఇంజినీరప్పా?"

"వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది సార్. అంతా కలిపి పై రేటులో పడుతుంది."

"ఎక్కువ వాడితే ఎక్కువ రేటు. ఎక్కువ సంపాదిస్తే ఎక్కువ పన్ను. యాడ చూసినా ఇదే కథ. మూడు పెట్టు."

కింద ఆయన పేరు మీద, మధ్యలో ఆయన భార్య పేరు మీద, పైన కొడుకు పేరు మీద మూడు మీటర్లు వచ్చాయి. వంటిల్లు మాత్రం ఒకటే. ఏ ఒక్క మీటరూ మూడు వందలు దాటకుండా ఏసీలనూ గీజర్లనూ అంతస్తులవారీగా పంచి గీత గీసింది నేనే. అన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయి. సారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, చదువుకున్నోని పని వేరేలే అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. పనివాళ్ళ జీతం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయడు. పన్ను సంగతి వస్తే మాత్రం టీ చల్లారిపోయేదాకా మాట్లాడతాడు. "రాయి తవ్వితే సర్కారుకు, కోస్తే సర్కారుకు, అమ్మితే సర్కారుకు. ఆఖర్న మిగిలిన నూర్రూపాయల్లో మళ్ళీ ముప్పై. అదంతా యాడికి పోతాండాది? పనీ పాటా ల్యాకుండా కూర్చున్నోళ్ళకు పంచేకి. మీ అవ్వకు నెలనెలా ఇచ్చేది నేనే గదా, అవునా కాదా?"

"అవును సార్," అనేవాణ్ణి. లెక్క ప్రకారం అది తప్పు కాదు. ఆ రాయిని ఆ ధరకు కోసేవాళ్ళు ఎవరు, వాళ్ళ అవ్వలు ఎక్కడున్నారు అనే ప్రశ్న నాకు ఎప్పుడూ గదికి వెళ్ళాకే గుర్తొచ్చేది.

ఊరికి బయలుదేరే రోజు సెలవడుగుతూ, పింఛను ఆగిన సంగతి చెప్పాను. సారు కుర్చీలో ముందుకు వంగాడు. "అట్లెట్ల ఆపుతారు? ముసలామెది. ఎవుడా పని చేసింది?" అన్నాడు. నిజంగానే కోపం వచ్చింది ఆయనకు. పింఛన్లు ఇస్తున్నందుకు వచ్చే కోపం కంటే ఇది కాస్త ఎక్కువే అనిపించింది.

సచివాలయం కంప్యూటరుకు తెలిసినవి రెండే: ఒక పేరు, ఆ పేరు మీద ఒక అంకె. కడపలో మూడు పేర్ల కింద మూడు చిన్న అంకెలు కనిపించాయి. మా ఊళ్ళో ఒక పేరు కింద పెద్ద అంకె ఒకటి కనిపించింది. దాని దృష్టిలో కలిగినామె మా అవ్వే.

కాబట్టి ఆ ఆదివారం మందిరంలో లేచి నిలబడి నేను చెప్పింది, సారు ఇంట్లో నేర్చుకున్న పద్ధతే. మీటరును రెండు చేద్దాం. ఫ్యాన్లు, లైట్లు అవ్వ పేరు మీద ఉండనిద్దాం. మోటరుకు ఇంకో మీటరు, పట్టా ఉన్న అవ్వ ఒప్పుకోలు కాగితం జతచేసి, వేరే వాళ్ళ పేరు మీద పెట్టిద్దాం. అప్పుడు రెండూ మూడు వందల లోపే ఉంటాయి.

"ఎవురి పేరు మీద?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. అక్కడున్న దాదాపు ప్రతి ఇంట్లోనూ ప్రభుత్వం ఇచ్చేది ఏదో ఒకటి ఉంది. పింఛను, బియ్యం కార్డు, బడికి పోయే పిల్లల పేరున తల్లి ఖాతాలో పడే డబ్బు. ఇంటి మీటరుకు మోటరు మీటరు కలిస్తే ఎవరి లెక్కయినా మూడు వందలు దాటుతుంది.

"నా పేరు మీద పెట్టండి," అన్నాను.

మా అమ్మ కూర్చున్నచోటు నుంచే అంది: "నీ పేరు ఇంగా నా కార్డులోనే ఉండాది. కార్డు పోతే నీ చెల్లెలి కాలేజీ ఎవురు కడతారు? కూర్చో."

కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు చిన్నగా నవ్వులు వినపడ్డాయి.

అప్పుడు అందరి చూపూ ఒకరి మీదికే పోయింది. మా సంఘంలో ట్రాక్టర్లు రెండు, ఉల్లిగడ్డల వ్యాపారం ఉన్నది ఆయనకొక్కడికే. బియ్యం కార్డు లేదు, పింఛను లేదు. ఊళ్ళో అందరూ ట్రాక్టరాయన అనే అంటారు.

"నన్నేం చూస్తాండారు?" అన్నాడు.

ఆయనకు మరదలు వరుసయ్యే ఒకామె, రోజూ కూలికి పోయే మనిషి, అందుకుంది. "నీకు పొయ్యేదేముండాది బావా? మోటరు నీ పేరు మీద పెట్టుకో."

"పొయ్యేదేం ల్యాదంటే, వచ్చింది గూడా ఏం ల్యాదనే గదా అర్థం. మీకు బియ్యమొచ్చె, పింఛనొచ్చె, పిల్లోళ్ళ దుడ్లొచ్చె. నాకేమొచ్చె? డీజిలు పోపిస్తే పన్ను, టైరు మారిస్తే పన్ను. ఇంగ మీ మోటరు గూడా నేనే మోయాల్నా?"

"నీళ్ళు నీ ఇంటికి గూడా పోతాండాయి గదా."

"నాకు సొంతం బోరుండాది."

"పోయిన ఎండాకాలం ఎండిపాయ గదా నీ సొంతం బోరు. అప్పుడు మందిరం కొళాయి కాడ ఎవురి బిందెలు ముందుండె? ట్రాక్టరు మీద ఏసుకొచ్చినారు గూడా."

నవ్వారు. ఆయన నవ్వలేదు. "పొలం మోటరుకు తనిఖీకొచ్చి నా మీద రాసిన జరిమానా నాకింగా గుర్తుండాది. మీ ఎవురి పేరు మీదా రాయల్యా. నా పేరు మీద ఇంగొగ మీటరు వద్దు. అంతే."

"అట్లయితే బియ్యమన్నా సరిగ్గా పెట్టు," అంది ఆమె. "నీ ఇంట్లో పది మందికి ఒండుతారు, ఒగ పిడికెడు. అవ్వ ఒగతికే ఒండుకుంటాది, ఒగ పిడికెడు. ఆమె పిడికెడు తీస్తే గిన్నెలో ఏం మిగుల్తాది?"

"పిడికెడంటే పిడికెడే. మా నాయన కాలం నుంచి అట్లే ఉండాది. ఇంటికో లెక్క పెడితే అది కానుకెట్లయితాది? పన్నయితాది."

"మీ ఇంటామె చెయ్యి ఎప్పుడన్నా చూసినావా బావా? అన్ని ఉంగరాలుంటే పిడికిలి యాడ మడిచేకొస్తాది? పిడికెడు గూడా పట్టదు."

"నా ఉంగరాల్తో నీకేం పనే?" అంది ట్రాక్టరాయన భార్య, చెయ్యి కొంగు కిందికి తీసుకుంటూ.

నేను మనసులో లెక్క వేసుకున్నాను. అవ్వ రోజూ వండుకునే దాంట్లో ఆ పిడికెడు నాలుగో వంతు ఉంటుంది. ట్రాక్టరాయన ఇంట్లో నలభయ్యో వంతు కూడా ఉండదు. ఇది చెప్పాలని మళ్ళీ లేవబోయాను. అమ్మ చూపు చూసి ఆగిపోయాను.

అయ్యగారు చేతులెత్తి అందరినీ నెమ్మదించమన్నారు. "మనలో మనకు తగువు వద్దు. ఒక పని చేద్దాం. అవ్వగారికి పింఛను తిరిగి వచ్చేదాకా ఆమె పిడికిలి బియ్యం పెట్టనవసరం లేదని సంఘం తరఫున నిర్ణయిద్దాం."

అంతసేపూ మాట్లాడని అవ్వ అప్పుడు తలెత్తింది. "పిడికెడు పెట్టకుంటే నేను సంఘంలో యాడుంటా అయ్యా? సర్కారోళ్ళు లెక్కలోంచి తీసేసినారు. మీరూ తీసేస్తారా?"

అయ్యగారు ఎత్తిన చేతులు దించారు.

మిగిలిన దారి ఒకటే. వాడకం తగ్గించడం. ఆరు నెలలకోసారి లెక్క చూస్తారని సచివాలయం కుర్రాడు చెప్పాడు: జనవరి నుంచి జూన్ ఒకసారి, జులై నుంచి డిసెంబరు ఒకసారి. సగటు మూడు వందలంటే ఆరు నెలలకు పద్దెనిమిది వందల యూనిట్లు. చలికాలంలో పొదుపు చేసి ఎండాకాలంలో వాడుకోవాలి. మోటరు రోజుకు రెండు గంటలే. ఫ్యాన్లు పదిలో ఆరే.

ఏ నాలుగు ఆపాలి అన్నదగ్గర మళ్ళీ పేచీ మొదలైంది. పాత ఫ్యాన్లు ఎక్కువ కరెంటు తింటాయి కాబట్టి అవి తీసేద్దామన్నాను. పాతవాటిలో ఒకటి ట్రాక్టరాయన తల్లిది. "మా అమ్మ ఫ్యాను మీద చెయ్యి పెట్టి చూడు," అన్నాడు. ఇంకొకటి అయ్యగారికి ముందున్న అయ్యగారిది. దాన్ని ఆపడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి తేలిన నాలుగూ బెంగళూరుకు కట్టడం పనికి పోయిన ఇళ్ళవాళ్ళవి. వాళ్ళెవరూ ఆ రోజు అక్కడ లేరు.

నేనే స్టూలెక్కి స్విచ్‌బోర్డు విప్పి నాలుగు తీగలు విడదీశాను. ఫ్యాన్లు నెమ్మదిస్తూ ఆగాయి. ఒక్కొక్క పేరూ బయటికి వచ్చింది. పైకి చూసి ఎవరో "పాపం" అన్నారు. మందిరం తాళంచెవి అవ్వ దగ్గరే ఉంటుంది కాబట్టి ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయో చూసే పని అవ్వకే అప్పజెప్పాం.

కడపకు తిరిగి వచ్చాక సారు అన్నీ అడిగి తెలుసుకున్నాడు. నెల మొదట్లో జీతంతో పాటు ఇంకో నాలుగు వేలు విడిగా ఇచ్చాడు. "మీ అవ్వకియ్యి. సర్కారు ఇయ్యకపోతే నేనిస్తా. నడమ ఈ పన్నులూ ఈ ఆఫీసులూ ఎందుకు చెప్పు. ఇట్లయితే ఎవురి దుడ్లు ఎవురికి పోతాండాయో తెలుస్తాది."

ఆ వారం ఊరికి పోయి ఆ డబ్బు అవ్వ చేతిలో పెట్టాను. నేను ఇస్తానంటే అంతకుముందు వద్దంది, మీ అమ్మకియ్యి అని. ఇవి కూడా వెంటనే కొంగున ముడివేసుకోలేదు.

"వచ్చే నెల గూడా ఇస్తాడా?"

"ఇస్తాడనే అనుకుంటున్నా అవ్వా."

"ఇయ్యకపోతే?"

అవ్వ నోట్లను ఒళ్ళో పెట్టుకుంది.

"పింఛను రాకపోతే సచివాలయం కాడికి పోయి నిలబడి అడుగుతా. అర్సుకుంటా. ఆ పిల్లోడు నాలుగు మాటలు పడతాడు. ఈ దుడ్లు రాకపోతే ఎవురి కాడికి పోయి అడగాల? నువ్వన్నా అడుగుతావా?"

అడగలేనని ఆమెకు తెలుసు. సారు మూడు నెలలు ఇచ్చాడు. నాలుగో నెల బండల ధర పడిపోయి రెండు యంత్రాలు ఆపేశాడు. జీతం మాత్రం సరిగ్గా ఇచ్చాడు. అవ్వ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పన్నుల మీద టీ చల్లారేదాకా మాట్లాడడం మాత్రం మానలేదు.

ఆ నెలల్లో అవ్వ రక్తపోటు బిళ్ళలు ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేసేది. పిడికిలి బియ్యం మాత్రం మానలేదు. మోటరు రెండు గంటలే వేస్తున్నందుకు కొళాయి దగ్గర మాటలు పడింది. నీళ్ళు సన్నగా వస్తే "అవ్వ పింఛను ఐపోవచ్చింది, తొందరగా పట్టుకోండి" అనేవాళ్ళు. హాస్యానికే అనేవాళ్ళు. అవ్వ బిందె పట్టుకుని అందరికంటే చివర నిలబడేది.

డిసెంబరుతో ముగిసిన లెక్క మూడు వందలకు చాలా కింద ఉంది. అవ్వ పెట్టుకున్న అర్జీ కదిలింది. కొత్త సంవత్సరంలో పింఛను మళ్ళీ మొదలైంది. తుడుచుకున్న వేలు యంత్రం మీద పెడితే మొదటిసారే పట్టిందని చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. అవ్వ ఆ కుర్రాడికి బెల్లం ముక్క పెట్టిందట.

కొత్త ఆరు నెలలు మొదలయ్యాయి. నెలాఖరున చెల్లెలు మీటరు ఫొటో తీసి పంపేది. జనవరి నూట డెబ్బై ఒకటి. ఫిబ్రవరి నూట ఎనభై ఎనిమిది. మార్చి రెండు వందల అరవై మూడు. బాగానే ఉందనుకున్నాను. నా లెక్కలో లేనిది బోరు. ఏప్రిల్‌లో నీళ్ళు కిందికి దిగాయి. ముందు రెండు గంటల్లో నిండే ట్యాంకుకు నాలుగు గంటలు పట్టింది. మే నెలలో ఆరు పట్టింది. మోటరు తిరుగుతూనే ఉండేది, కొళాయిలో నీళ్ళకంటే గాలే ఎక్కువ వచ్చేది. తాగే నీళ్ళకు కోత పెట్టమని ఎవరికి చెప్పాలి? ఏప్రిల్ మూడు వందల యాభై రెండు. మే నాలుగు వందల ముప్పై ఒకటి.

జూన్‌కు మిగిలింది మూడు వందల తొంభై ఐదు. మోటరుకూ లైట్లకూ పోను సరిగ్గా ఆరు ఫ్యాన్లకు సరిపోతుంది. చెల్లెలి ఫోన్‌లో అవ్వతో మాట్లాడాను.

"ఆరు ఫ్యాన్లే అవ్వా. ఇంకొకటి తిరిగినా పింఛను పోతుంది. ఒక్క నెల."

"ఆరే. నా కండ్ల ముందరే గదా తిరిగేది."

జులై ఒకటి ఆదివారం కావడంతో పింఛన్లు మర్నాడు ఇస్తామన్నారు; ఆ రోజే ఊరికి వచ్చాను. తొలకరి ఒక్కసారి పడి మళ్ళీ ముఖం చాటేసింది. మందిరం తలుపు తీసి ఉంది. లోపల మధ్యాహ్నం ఉక్కకు పడుకున్నవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. పైకి చూశాను. ఏడు తిరుగుతున్నాయి.

ఏడో దాని కింద, బెంగళూరు నుంచి విత్తనం వేసుకోవడానికి వచ్చిన ఒక కుటుంబం ఉంది. భర్త, భార్య, చీర ఉయ్యాల్లో ఏడాది కూడా నిండని బిడ్డ. జూన్ మొదట్లోనే వచ్చారట. ఆ భార్య తండ్రి పేరే ఆ ఫ్యాను మీద ఉన్నది. భర్త బెంగళూరులో వైరింగ్ పనిలో సాయం చేస్తాడు. నేను విడదీసిన తీగను కలపడం అతనికి ఎంతసేపు పని.

అవ్వ తన ఇంటి అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పక్కన కూర్చున్నాను.

"ఏడో ఫ్యాను ఎవరు వేశారవ్వా?"

"వాళ్ళే ఏసుకున్న్యారు. నన్నడిగే ఏసుకున్న్యారు."

"నువ్వు సరేనన్నావా?"

"వచ్చిన రోజు ఆ పిల్ల లోపలికి పోయి పైకి సూసె. వాళ్ళ నాయన పేరు కదలకుండా కనపడె. మా నాయన ఫ్యాను ఎందుకవ్వా ఆపినారు, మేము ఈడ ల్యామనా అనె. నేనేం చెప్పల్ల? నా పింఛను కోసరం అని చెప్పల్నా?"

"నాకు ఫోన్ చేయాల్సింది."

"చేస్తే నువ్వేమంటావు? వద్దంటావు. మీటరు మీద నా పేరుండాది నాయనా, ఒప్పుకుంటా. ఫ్యాను మీద వాళ్ళ నాయన పేరుండాది. వాళ్ళు పెట్టిన గాలి వాళ్ళకు ల్యాదని నేనెట్ల చెప్పేది?" చేటను ఒకసారి కుదిపింది. "ఒగ ఫ్యానే గదా, ఎట్లోగట్ల సరిపోతాదిలే అనుకుంటి. సరిపోతాదా?"

చెప్తానని లేచాను. చెల్లెలు జూన్ ఆఖరు రోజున తీసిన ఫొటో ఫోన్‌లో ఉంది కానీ, మందిరంలోకి వెళ్ళి మీటరు ముందు నిలబడే లెక్క వేశాను. వెనక ఉయ్యాల ఊగుతున్న చప్పుడు. అవ్వ అరుగు మీద నుంచి నా వైపే చూస్తోంది. చేతిలో చేట అలాగే ఉంది.

జూన్‌లో తిరిగినవి నాలుగు వందల పంతొమ్మిది. ఆరు నెలలూ కలిపితే పద్దెనిమిది వందల ఇరవై నాలుగు. సగటు మూడు వందల నాలుగు. ఎక్కువైనవి మొత్తం ఇరవై నాలుగు యూనిట్లు: ఒక ఫ్యాను, ఒక నెల.